ఆరు పూలు, ఒక లక్క ప్లేటు

ఒరేయ్ మేళం,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలయింది. జవాబు రాయనందుకు నన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నావో నాకు తెలుసు. మొదలుపెట్టి సగంలో వదిలేసినవి రెండు ఇక్కడ సొరుగులోనే ఉన్నాయి, క్షమించు. నేను బాగున్నాను. ఉద్యోగం నడుస్తోంది. అమ్మ మోకాలికి కాస్త నయమట. అన్నయ్య చివరికి ఆ స్కూటర్ అమ్మేశాడు, ఏ స్కూటరో నీకు చెప్పక్కర్లేదు. సంగతులు అంతే. రేపు తెల్లవారుజామునే క్లూజ్ రైలు పట్టుకోవాలి, ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. అయినా ఇది నీకు చెప్పకుండా పడుకోలేను.

నిన్న ఆదివారం, జూన్ 22. పొద్దున్నే మా ఇంటి బామ్మ (నేను అద్దెకున్న గది ఆవిడదే) తలుపు తట్టి, "శ్మశానానికి వెళుతున్నాను, సంచీ పట్టుకుని వస్తావా?" అంది. ఎవరో చుట్టాల వర్ధంతి అనుకున్నాను. ఒట్టి చేతులతో వెళ్లడం బాగుండదని దారిలో ఎర్ర కార్నేషన్లు కొన్నాను, ఏడు. బామ్మ వాటిని లెక్కపెట్టింది. ఒకటి తీసి నా చొక్కా జేబులో గుచ్చింది. ఈ రుమేనియా దేశంలో బతికున్నవాళ్లకు బేసి సంఖ్యలో పూలిస్తారట, పోయినవాళ్లకు సరి సంఖ్యలో. "ఏడోది నీకు, ఆరు ఆమెకు" అంది. ఆమె ఎవరో అప్పటికీ చెప్పలేదు.

బుకారెస్ట్‌లో బెల్లు అని పెద్ద శ్మశానం ఉంది. వీళ్ల మహాకవి ఎమినెస్కు సమాధి అక్కడే. బామ్మ ఆయన దగ్గర ఆగలేదు. ఇంకో సమాధి దగ్గర ఆగి, సన్నటి పసుపు కొవ్వొత్తి వెలిగించి, సంచీలోంచి డబ్బా తీసింది. అందులో కోలీవా ఉంది. గోధుమలు ఉడికించి చక్కెర, అక్రోటు పప్పు కలిపి చేస్తారు, పోయినవాళ్ల పేరు మీద పంచుతారు. దారిన పోయే ప్రతివాళ్లకూ ఒక్కో చెంచా పెట్టింది. అప్పుడు చెప్పింది పేరు: మరియా తనాసె. "1963లో ఈ రోజే పోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. యాభై కూడా నిండలేదు. నాకు ఆరేళ్లు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగింపు చూపించాడు. నాకు తలలే కనిపించాయి, ఎంత దూరం చూసినా తలలే" అంది. చుట్టం కాదు, పరిచయం కూడా లేదు. ఒక పాటగత్తె కోసం అరవై ఏళ్లు దాటినా గోధుమలు ఉడికిస్తోంది.

ఒరేయ్, మన రేకుల షెడ్డు కింద జరిగిన గొడవ గుర్తుందా? వర్షం, రెండో టీ, నీ తడిసిన డప్పు. "పల్లెపాట పక్కన కీబోర్డు పెట్టిన రోజే అది చచ్చిపోయింది" అన్నావు నువ్వు. నేనూ సరేనన్నాను. ఆ సరేను ఈ ఉత్తరంతో వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

ఇంటికి వచ్చాక బామ్మ అల్మరా తెరిచింది. ఎలెక్ట్రెకార్డ్ అని వీళ్ల ప్రభుత్వ కంపెనీ వేసిన పెద్ద రికార్డు, అట్ట మూలలకు గుడ్డ అతికించి ఉంది. సూది పెట్టింది. మొదటి పాట "చులియాంద్ర". అది ఒక నాట్యం. మడమతో నేల గట్టిదో కాదో చూసుకుంటున్నంత నెమ్మదిగా మొదలవుతుంది. ఒక్కో చరణానికీ కొంచెం కొంచెం పెరుగుతుంది, ఎక్కడ పెరిగిందో పట్టుకోలేవు. చివరికి వయొలిన్లూ, త్సంబల్ అనే తీగల పెట్టె మీద పడే పుల్లల దెబ్బలూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. బామ్మ ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులతోనే అడుగులు వేసింది. నేను అలా నిలబడి చూశాను. నువ్వుంటే డప్పు తీసేవాడివి.

ఆ గొంతు ఎలా ఉంటుందంటే... తియ్యటి గొంతు కాదు. మందంగా, కిందిస్థాయిలో, పక్కన కూర్చుని నీతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒక పాటలో అత్తను దెప్పే కోడలు, ఇంకో పాటలో తాగుబోతు, ఇంకో దానిలో... వద్దులే, నువ్వే వినాలి.

ఇక ఆమె కథ. 1913లో బుకారెస్ట్ అంచున, ఇటుకలు చేసేవాళ్ల పేటలో పుట్టింది. నాన్న ఓల్తేనియా ప్రాంతంవాడు, పూలు పెంచి అమ్మేవాడు. తోట పనికి పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిల పాటలు వింటూ పెరిగింది. కానీ మొదట వేదిక ఎక్కింది పల్లెపాటతో కాదు! 1934లో కరబుష్ అనే నాటకశాల, హాస్యాలూ పాటలూ నాట్యాలూ కలిపిన పట్నపు ప్రదర్శన, పైగా మేరీ అటనాసియు అని మారుపేరు. ఆ కాలపు నగరం పాడుకునే ప్రేమగీతాలు పాడింది. తర్వాత హారీ బ్రౌనర్ అనే ఆయన కలిశాడు. ఊళ్లు తిరిగి జానపద గీతాలు సేకరించే పరిశోధకుడు. 1937లో ఆమె చేత కొలంబియా అనే రికార్డుల కంపెనీకి పల్లెపాటలు పాడించాడు. 1938 ఫిబ్రవరి 20న రేడియోలో పాడింది, వెనుక ఇయోన్ మతాకె తరాఫ్. తరాఫ్ అంటే పల్లె వాద్యగాళ్ల జట్టు, నీ మేళం లాంటిదేరా! మరుసటి ఏడాది న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో, గ్రిగొరాష్ దినీకు వాద్యబృందంతో, రుమేనియా వాళ్ల భోజనశాలలో పాడింది. రైతుల పాట, పట్నపు వాద్యాలు, నాటకశాలలో నేర్చిన అభినయం, మూడూ ఒకే గొంతులో. నువ్వు చచ్చిపోయిందన్నది సరిగ్గా ఇదే.

ఇప్పుడు వినరా, నిన్నటి నుంచి నన్ను పట్టుకుని వదలనిది ఇది.

1940లో ఐరన్ గార్డ్ వాళ్లు, యూదులంటే పడని ఇక్కడి ఫాసిస్టు ముఠా, అధికారంలోకి వచ్చారు. ఆమె పాడకూడదన్నారు. రేడియోలో ఉన్న ఆమె రికార్డులన్నీ, కొలంబియా దుకాణం గిడ్డంగిలో ఉన్నవీ, అచ్చుపోసే మూల ఫలకాలతో సహా నాశనం చేశారు. చెప్పిన కారణం తెలుసా? ఈమె అచ్చమైన జానపదాన్ని చెడగొడుతోందట! అసలు కారణం ఆమె స్నేహితులు. బ్రౌనర్ యూదుడు. ఆ పాటల కోసం ఊరూరా తిరిగినవాడు, పాడే ముసలమ్మల ముందు కూర్చుని రాసుకున్నవాడు ఆయన. పాటను కాపాడతామన్నవాళ్లు రికార్డులు పగలగొట్టారు.

బామ్మ ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. పళ్లెం విరిచినట్టు రెండు చేతులతో చూపించింది, అంతే.

ఆ రోజుల్లో గ్రామఫోన్ ప్లేట్లు లక్కతో చేసేవాళ్లు, మీ తాతయ్యవి నాలుగు నీ దగ్గర ఉన్నాయిగా, కింద పడితే పెంకులైపోతాయి. ప్రపంచంలోని ప్లేట్లకు కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది. మన అడవుల్లో కొమ్మల మీద పురుగు పెట్టిన లక్క, బుకారెస్ట్‌లో ఆమె గొంతును మోసి, ఎవరి బూటు కిందో... ఈరోజు ఆఫీసులో కూడా ఇదే. లెక్కలు రెండుసార్లు తప్పు వేసి మళ్లీ చేశాను.

1941 జనవరిలో ఆ ముఠా కూలింది, ఆమె మళ్లీ పాడింది. యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం పాడింది. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఆమెకు 1955లో రాజ్య పురస్కారం ఇచ్చింది. అదే ప్రభుత్వం బ్రౌనర్‌ను ఏళ్ల తరబడి జైల్లో పెట్టింది. ఆ సంవత్సరాల్లో ఆయన నేర్పించిన పాటలు పాడుతూ ఆమె ఏమనుకుని ఉంటుంది? నాకు దీని దగ్గర ముందుకు సాగడం లేదు. బామ్మను అడగలేకపోయాను.

బామ్మ రికార్డు రెండో వైపు ఒక శాపం పాట ఉంది. ప్రేమించి వదిలేసినవాడికి పాము పాకుడూ పురుగు నడకా పట్టాలని, గాలి హోరూ నేల దుమ్మూ వాడి పాలవ్వాలని. 1937లో బ్రౌనర్ పాడించిన వాటిలో అదీ ఒకటి. తర్వాత మళ్లీ పాడింది కాబట్టి ఈ రికార్డులో ఉంది. పాముల దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచదురా, తగ్గిస్తుంది. నేను ఆ ఒక్క చోట సూది మూడుసార్లు వెనక్కి పెట్టించుకున్నాను. మూడోసారి బామ్మ నవ్వి, నన్నే పెట్టుకోమంది. చెయ్యి వణికింది.

నీ మేళం గురించి నాలుగు మాటలు రాయాలని మొదలుపెట్టాను అసలు. ఆ కుర్రాడు కీబోర్డు పట్టుకుని వచ్చాడని, నువ్వు పంపించేశావని రాశావు చూడు. వాణ్ణి మళ్లీ పిలువు. ఒక్కసారి, మీ అమ్మమ్మ నాట్ల పాట, ఆ "ఓ" అని లాగే చోట మాత్రం వాణ్ణి చెయ్యి ఎత్తెయ్యమను, తక్కినదంతా...

బామ్మ లేచినట్టుంది, వంటింట్లో దీపం వెలిగింది. నాకు దారికి రొట్టె కట్టడానికి. ఒంటి గంటన్నర అయిందిరా, సంచీ కూడా సర్దలేదు. జేబులో పెట్టిన ఆ ఏడో పువ్వు ఇందులో పెడుతున్నాను, నలిగి ఉంటుంది, చూసుకుని విప్పు. మిగతాది క్లూజ్ నుంచి

నీ
పుల్లట్టు