సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: మా రమణారెడ్డిగారి అర్జీ పరిష్కారం కాలేదు

అయ్యా,

నమస్కారం. నేను నెల్లూరులో నాటకాలాడే మనిషిని. టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పాత సినిమాల్లో హాస్యనటుడు, మా జిల్లావాడు రమణారెడ్డిగారి పేరుతో ఇక్కడ ఒక హాలో, గదో, బోర్డో పెట్టమని ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను, ఇది అయిదోది. సంగతి మీ పేషీకి తెలుసు కాబట్టి మొదటి నుంచీ చెప్పను. నాలుగు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి. మొదటి దాని మీద అక్షరాలు వెలిసిపోయి ఉత్త తెల్లకాగితం మిగిలింది. అవి పూర్తిగా పోకముందే జిరాక్స్ తీయించాను కాబట్టి నంబరైనా చెప్పగలుగుతున్నాను.

మొదటి అర్జీ 2020లో. మరుసటి ఏడు అక్టోబరు 1కి ఆయన పుట్టి నూరేళ్లు నిండుతాయి, ఆలోగా ఏదైనా చేయండని అడిగాను. కరోనా అన్నారు. ఒప్పుకున్నాను. జనం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతికిన రోజులవి, ఒక నటుడి జయంతి గురించి పట్టుబట్టే సమయం కాదు. 2022లో మళ్లీ వెళ్తే శతజయంతి దాటిపోయింది కదా, ఇప్పుడెందుకన్నారు. ఆ మాట అన్నాయన మంచివాడే, కుర్చీ వేయించి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. కరోనా కాబట్టి ఆగమన్నదీ వాళ్లే, ఆగాను కాబట్టి దాటిపోయిందన్నదీ వాళ్లే. ఇక నేను ఎవరిని అడగాలి?

2023లో మూడోసారి, ఇంకో ఆఫీసు. కాగితం తీసుకున్నాయన తల ఎత్తకుండానే "ఏ రమణారెడ్డి?" అన్నాడు.

నెల్లూరు జిల్లాలో వీధికో రమణారెడ్డి ఉంటాడు, నిజమే. కానీ కాగితం మీద 'సినీ నటుడు' అని రాసి ఉంది. అడిగినాయనదీ ఈ జిల్లానే, మాటను బట్టి తెలిసిపోయింది. ఆ రోజు గొంతు పెగల్లేదు నాకు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు మీకు చెప్పుకుంటాను, విసుక్కోకుండా వినండి.

ఆయన పూర్తి పేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. 1921 అక్టోబరు 1న ఇందుకూరుపేట మండలం జగదేవిపేటలో పుట్టారు. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. నాటకాల పిచ్చి మనిషిని నిలవనిస్తుందా? ఉద్యోగం వదిలేసి మద్రాసు వెళ్లిపోయారు. నెలజీతం వదులుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను వదల్లేకపోయాను, అందుకే ఇక్కడే మిగిలాను.

ఆయన్ను హాస్యనటుడనేసి ఊరుకుంటారు. రేలంగి లావు, ఈయన బక్కపలచన, ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు నవ్వొచ్చేదని చెబుతారు. నిజమే, కానీ అంతటితో ఆపేస్తే అన్యాయం. 1955లో వచ్చిన మిస్సమ్మలో డేవిడ్‌ను ఒకసారి చూడండి. అప్పు ఇచ్చిన చనువుతో సావిత్రి వెంటపడే మనిషి. మనకు నవ్వొస్తుంది, ఆ పిల్లకు మాత్రం భయం వేస్తుంది. ఆ రెండూ ఒకే ముఖంలో చూపించాలంటే మాటలా? అదే ఏడాది 'రోజులు మారాయి' సినిమాలో కరణం సాంబయ్య. అలాంటి కరణాన్ని మా తాతల కాలంలో ప్రతి ఊరూ ఎరుగును. రైతు ఏడుస్తున్నా ఆయన కళ్లు మాత్రం దస్త్రం మీదే ఉంటాయి. 1957లో మాయాబజార్. ఘటోత్కచుడి కొలువులో చిన్నమయ. రాక్షస వేషమే కానీ చిన్నపిల్లలు కూడా భయపడరు, దగ్గరకు పోవాలనిపిస్తుంది. మళ్లీ 1962లో గుండమ్మ కథలో గంటయ్య, నవ్వుతూ కొంప కూల్చే రకం. ఆ సినిమాలో ఆయన మేనల్లుడుగా వేసిన రాజనాలది మా జిల్లా కావలే. రాజనాలగారి గురించి ఇంకో ఉత్తరం రాయాలి, దానికి ఇంకో అయిదేళ్లు తిరగాలేమో.

వేషం కట్టినప్పుడు ముందు నడక మారాలి, మాట తర్వాత మార్చుకోవచ్చు అని మా నాన్న నాకు నేర్పాడు. డేవిడ్, సాంబయ్య, చిన్నమయ, గంటయ్య, నలుగురి నడకలూ వేరు. ఒళ్లు మాత్రం అదే ఎండుపుల్ల. అంత సన్నటి ఒంటిని మెడ దగ్గర ఒక రకంగా, నడుం దగ్గర ఇంకో రకంగా వంచి అంతమందిని పుట్టించారు. నోరు తెరిస్తే మా నెల్లూరు విరుపు. మన మాట ఇలా ఉంటుందని రాష్ట్రమంతా వినిపించినవాళ్లలో ఆయనదే ముందు వరస. 1974 జులై 18న, మాయాబజార్‌లో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావుగారు పోయారు, అదే ఏడాది నవంబరు 11న ఈయన. ఘటోత్కచుడు వెళ్లిన నాలుగు నెలలకే చిన్నమయ కూడా వెళ్లిపోయాడని మా నాన్న చెప్పి చెప్పి బాధపడేవాడు. యాభైమూడేళ్లు, పోవాల్సిన వయసు కాదు.

ఇంకో సంగతి మీవాళ్లకు తెలిసి ఉండదు. ఆయన మేజిక్ చేసేవారు. సహాయ నిధుల కోసం ప్రదర్శనలిచ్చేవారు. మా నాన్న కుర్రతనంలో అలాంటిది ఒకటి చూశాడట. చెయ్యి చాపితే చిటికెనవేలు ఇంత పొడవు కనబడేదని, ఆ వేళ్ల సందుల్లో రూపాయి బిళ్ల ఒక్కొక్క వేలూ దాటుకుంటూ పోయి మాయమయ్యేదని చెప్పేవాడు. ఆ ఒక్క విద్య నేర్చుకోవాలని జన్మంతా ప్రయత్నించాడు. తొంభై ఏళ్ల వయసులో మునిమనవడి ముందు కూర్చుని వణికే వేళ్లతో బిళ్ల తిప్పబోయేవాడు, అది జారి మంచం కిందికి దొర్లేది. వాడు తెచ్చిచ్చేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు.

నా గోడు అంతా అసలు మా నాన్న గురించే.

2024లో రమణారెడ్డిగారు పోయి యాభై ఏళ్లయిందని నాలుగో అర్జీ పెట్టాను. నెల తిరక్కుండా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. అద్దాలు లేక నాన్న చదవమన్నాడు, నేను చదివాను. మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "హాలు కడతుండారా అబ్బయా?" అన్నాడు. ఏమో నాన్నా, కనుక్కుంటాను అన్నాను. నేను కనుక్కునేలోగా ఆయన వాకిట్లోకి వెళ్లి ఎదురింటివాళ్లకు, కూరగాయల బండి అతనికి, ఫోన్ చేసి మా చెల్లెలికి చెప్పేశాడు. మన రమణారెడ్డి పేరుతో హాలు వస్తుందంట, పరిష్కారం అయిపోయిందంట అని.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటరులో చూసి చెప్పారు. 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని రాసి మూసేశారట. పంపితే చాలు, పరిష్కారం అయినట్టే లెక్కట. ఏ శాఖకు పంపారంటే పేరు లేదు. మళ్లీ తెరవమంటే కొత్త అర్జీ పెట్టుకోమన్నారు.

ఇంటికొచ్చి నాన్నకు ఆ మాట చెప్పలేకపోయాను. పనులు నడుస్తుండాయి నాన్నా అన్నాను. ఆ తర్వాత ఏడు నెలలు బతికాడు. అన్నం తింటూ, మందు వేసుకుంటూ, పునాది తీశారా, గోడలు లేచాయా అని అడుగుతూనే ఉన్నాడు. ప్రారంభానికి మంత్రిగారు వస్తారు కదా, తెల్లపంచె ఉతికించి పెట్టమన్నాడు. నేను అబద్ధం మీద అబద్ధం చెప్పుకుంటూ పోయాను. ఆ పంచెతోనే సాగనంపాము.

మంత్రిగారూ, మా నాన్న వయసైపోయి పోయాడు. అందుకు మిమ్మల్నిగానీ ఇంకెవరినిగానీ తప్పుపట్టడం లేదు. కానీ ఆ ఒక్క మెసేజ్ పంపకుండా ఉండాల్సింది. కాలేదని రాసి ఉంటే కాలేదనే చెప్పేవాణ్ణి, ఇద్దరం కలిసి బాధపడేవాళ్లం.

నేను కోరేది పెద్దది కాదని నాలుగు అర్జీల్లోనూ రాశాను. 2020లో మా నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకు ప్రభుత్వం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారి పేరు పెట్టింది. చేతులెత్తి మొక్కాము. అంటే చేయాలనుకుంటే అవుతుందన్నమాటే కదా. రేలంగిగారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయనకు తగినదే. పక్కన నిలబడిన మా వాడికి పుట్టిన జిల్లాలో ఒక హాలు, హాలు కాకపోతే ఒక గది, గదీ కాకపోతే ఒక బోర్డు అయినా పెట్టరా? మేము రిహార్సలు చేసుకోవడానికి చోటు లేక మేడల మీద, కల్యాణ మండపాల వంటింట్లో చేస్తున్నాము. ఆ హాలేదో వస్తే మాకూ నీడ దొరుకుతుంది. దొరక్కపోయినా ఫరవాలేదు, అలవాటే.

హాలు కన్నా తొందరైన పని ఇంకొకటి ఉంది. సినిమాలు ఎక్కడికీ పోవు, రేపైనా చూసుకోవచ్చు. సినిమాల్లోకి వెళ్లకముందు ఆయన ఇక్కడ ఏ వేషాలు వేశారు, శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఏ వీధుల్లో తిరిగారు, మేజిక్ ఎలా చేసేవారు, ఇవి చెప్పగలిగినవాళ్లు పోతున్నారు. మా నాన్న చెప్పినవి సగం నాకు గుర్తులేవు. రికార్డు చేసుకుందాం, ప్రభుత్వం వాళ్లు వస్తారు కదా, అప్పుడు పద్ధతిగా చేస్తారు అనుకుంటూ అయిదేళ్లు జరిపాను. ఆ తప్పు నాది.

నాకు తెలిసి ఆయన్ను కళ్లారా చూసినవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. ఒకరిని కిందటి నెల కొడుకు బెంగుళూరు తీసుకుపోయాడు. ఇంకొకావిడ మనిషిని గుర్తుపట్టడం లేదు. మూడో ఆయనకు తొంభైమూడేళ్లు. చెవుడు వచ్చింది, దగ్గరకు జరిగి గట్టిగా అడిగితే అన్నీ చెబుతాడు. పొద్దున పదిలోపు అయితే ఓపికగా కూర్చుంటాడు, ఆ తర్వాత నిద్రలోకి జారుకుంటాడు. మీ శాఖ నుంచి ఒక కెమెరా, ఒక మనిషి, ఒక్క పూట చాలు. నేను దగ్గరుండి తీసుకెళ్తాను, టిఫిను మా ఇంట్లోనే.

దయచేసి మనిషిని పంపండి. పంపడం కుదరకపోతే కుదరదని రాయండి. పరిష్కారమైందని మాత్రం నా ఫోన్‌కు మళ్లీ మెసేజ్ పెట్టించకండి.

ఇట్లు,
రమణారెడ్డిగారి ఊరి వాడు,
నెల్లూరు