"గర్భం రద్దు" అనే మీ బటన్ మీద ఫిర్యాదు

ఆల్ఫారెట్టా, జార్జియా
2025 ఆగస్టు 18

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గర్భం పోయాక కూడా మెసేజ్‌లు, శాంపిల్ డబ్బాలు పంపుతున్న మీ ప్రెగ్నెన్సీ యాప్ గురించి. ఖాతాలు రెండు. ఒకటి నాది, ఇంకొకటి నా స్నేహితురాలిది.

నమస్కారం.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఇంగ్లీషులో నేను మూడు సార్లు, ఆమె నాలుగు సార్లు రాశాం. ఏడు సార్లూ రెండు నిమిషాల్లో ఒకే జవాబు వచ్చింది. దాని కింద "మీ మాతృత్వ ప్రయాణంలో అడుగడుగునా మీతో" అని సంతకం. మేం రాసింది మనిషన్నవాడు చదివుంటే ఆ సంతకంతో జవాబు పంపడు. తెలుగు మెయిళ్ళు హైదరాబాద్‌లో మనుషులే చూస్తారని మీ యాప్‌లో మీరే రాసుకున్నారు కాబట్టి ఇటు వచ్చాను.

నా సంగతి చిన్నది, అది ముందు ముగిస్తాను. నిరుడు నవంబర్ ఆఖర్లో నాకు గర్భం వచ్చింది. జనవరిలో పదకొండో వారం నడుస్తుండగా పోయింది. మరో నాలుగు రోజులకి మీ యాప్ నుంచి "ఈ వారం మీ బుజ్జాయి నిమ్మకాయంత!" అని మెసేజ్. ఆపేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. నేను యాప్‌ని తెలుగులోనే వాడతాను, ఆ భాషలో చదువుకుంటే కాస్త ఇంట్లో ఉన్నట్టుంటుందని. వెతగ్గా వెతగ్గా నాలుగో పేజీలో ఒక ఎర్ర బటన్ కనిపించింది. దాని మీద "గర్భం రద్దు చేయండి" అని ఉంది. సినిమా టికెట్ రద్దు చేసుకున్నట్టు. నొక్కితే "మీరు ఖచ్చితంగా ఉన్నారా?" అని అడిగింది. లేనండీ, ఆ రోజు నేను ఏ విధంగానూ ఖచ్చితంగా లేను.

దాని తర్వాత కారణం ఎంచుకోమంది. ప్రసవం, అబార్షన్, ఇతరం. ఈ మూడే. మనవాళ్ళు మాటవరసకి దేన్నైనా అబార్షనే అంటారు. మా అమ్మ కూడా గుంటూరు నుంచి ఫోన్లో మా పిన్నికి "దానికి అబార్షన్ అయిందే" అనే చెప్పింది. కానీ నేనుండేది జార్జియాలో. 2022 జులై నుంచి ఇక్కడ సుమారు ఆరు వారాలు దాటితే, కొన్ని మినహాయింపులు పోగా, అబార్షన్ నిషేధం. దానంతట అది పోతే గర్భస్రావం, తీయించుకుంటే గర్భవిచ్ఛిత్తి. రెంటినీ ఒకే మాటలో కుక్కేసి, నా పేరు, ఊరు, తేదీలు పక్కనే పెట్టుకుని, కారణం ఎంచుకోమంటున్నారు. నేను 'ఇతరం' నొక్కాను. మెసేజ్‌లు ఆగలేదు. ఏప్రిల్‌లో బిడ్డ బొప్పాయంత ఉందని వచ్చింది. గర్భిణిని బొప్పాయి వైపు చూడనివ్వని ఇళ్ళ ఆడపిల్లలకి ఆ పోలిక పంపినవాళ్ళకి తెలుగు తెలుసని ఎలా నమ్మమంటారు?

ఇక అసలు ఫిర్యాదు నా స్నేహితురాలిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. ఆమె నల్లజాతి మహిళ, బడిలో లైబ్రేరియన్. పుట్టింది అలబామాలో. రెండేళ్ళ కిందట ఫెర్టిలిటీ క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో కలిశాం. ఆ గదిలో తెల్లవాళ్ళు కానివాళ్ళం మేమిద్దరమే, అలా మాట కలిసింది. ముప్ఫై ఒకటో ఏట ఆమెకి ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో పెరిగే గడ్డల) ఆపరేషన్ అయింది. అంతకు ముందు అయిదేళ్ళు నెలసరిలో రక్తం పోతోందని చెబితే డాక్టర్లు "కొందరికి అలాగే ఉంటుంది" అని పంపేశారట. యాభై ఏళ్ళు వచ్చేసరికి ఇక్కడి నల్లజాతి మహిళల్లో 80 శాతానికి పైగా ఫైబ్రాయిడ్లు ఉంటాయి. తెల్లవారిలోనూ 70 శాతం దాకా ఉంటాయిగానీ, వీళ్ళకి చిన్న వయసులోనే వస్తాయి, పెద్దవిగా వస్తాయి. అంటే సరిగ్గా పిల్లల్ని కనే వయసులో.

ఐవీఎఫ్‌తో ఆమెకి కూడా నిరుడు నవంబర్‌లోనే గర్భం నిలిచింది. జనవరిలో నాది పోయినప్పుడు, తన కడుపు నాకు కనపడకుండా పెద్ద కోటు వేసుకుని, అన్నం వండుకొచ్చి పెట్టింది. ఫిబ్రవరి 21న, పందొమ్మిదో వారంలో, ఆమెదీ పోయింది.

ఆమె మీ బటన్ నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో మీకు తెలియాలి. 2023 సెప్టెంబర్‌లో ఒహాయో రాష్ట్రం వారెన్‌లో బ్రిటనీ వాట్స్ అనే నల్లజాతి మహిళకి ఐదు నెలలు దాటిన గర్భం ఇంట్లో బాత్రూమ్‌లో పోయింది. ఆసుపత్రికి వెళ్తే పోలీసులొచ్చారు. ఆ పిండాన్ని శవంగా లెక్కేసి, శవాన్ని అవమానించిందని కేసు పెట్టారు. 2024 జనవరిలో గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం, అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు, ఆ కేసు అక్కడితో పోయింది. కానీ ఆ మూడు నెలల వార్తలు నా స్నేహితురాలు ఒక్కరోజు వదలకుండా చదివింది. మీ ప్రైవసీ పాలసీలో "చట్టం కోరితే సమాచారం ఇస్తాం" అనే వాక్యం దగ్గర వేలు పెట్టి నాకు చూపించింది. "ఏం జరిగిందో ఆ పెట్టెలో రాయమంటోంది. నేను రాయను సిస్" అంది. ఖాతా తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను. ఖాతా తీసెయ్యాలన్నా మీ యాప్ అదే కారణం అడుగుతుంది. చూడండి కావాలంటే.

బటన్ నొక్కలేదు కాబట్టి మీ లెక్కలో ఆమె ఇంకా గర్భవతే. వారం వారం పళ్ళు, కూరగాయలు. మే 11న, మదర్స్ డే నాడు, "తొలి మదర్స్ డే శుభాకాంక్షలు, మామా!" అని వచ్చింది. వాళ్ళ చర్చిలో ఆ ఆదివారం తల్లులందరినీ లేచి నిలబడమంటారు, పూలిస్తారు. ఆమె ఆరేళ్ళుగా ఆ ఒక్క ఆదివారం చర్చికి వెళ్ళడం మానేసింది. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా మీరు వెతుక్కుంటూ వచ్చారు.

జులై 16న డబ్బా వచ్చింది. ఆ సమయానికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. గులాబీ రంగు అట్టపెట్టె, పైన కొంగ బొమ్మ. లోపల పాలపొడి డబ్బాలు రెండు, పీక ఒకటి, డైపర్ల కూపన్, ఒక కార్డు. కార్డు మీద ఆమె పేరు చేతిరాతలా కనిపించే అక్షరాల్లో అచ్చేసి ఉంది. ఆమె ఏడవలేదు. పాలపొడి డబ్బా తిప్పి అడుగున ఎక్స్‌పైరీ తేదీ చూసింది. 2026 నవంబర్. "ఇంకా చాలా టైముంది" అంది. పెట్టె మూసి కారు డిక్కీలో పెట్టింది. మూడు వారాలు అది అక్కడే ఉంది. పారెయ్యలేకపోయింది, ఇంట్లోకీ తేలేకపోయింది. చివరికి నేనే తీసుకెళ్ళి వాళ్ళ చర్చిలో పేదలకి సరుకులిచ్చే చోట ఇచ్చొచ్చాను. ఇంటికొచ్చేసరికి మా గుమ్మం ముందు అలాంటి పెట్టే ఇంకోటి. ఈసారి నా పేరుతో.

మా చిరునామాలు పాలపొడి కంపెనీకి ఎవరిచ్చారు? అమ్మారా, ఊరికే ఇచ్చారా? దీనికి నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇప్పుడు మీ ప్రీమియం ప్లాన్ సంగతి. కౌన్సెలర్‌తో చాట్ ఉంటుందని ఏడాదికి 129 డాలర్లు తీసుకున్నారు. మార్చిలో ఆమె చాట్‌లోకి వెళ్ళి, నల్లజాతి కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా అని మర్యాదగా అడిగింది. మా కౌన్సెలర్లందరూ అందరికీ సాయం చేయగలరని జవాబు. సరే అని మొదలుపెట్టింది. పది నిమిషాల్లో అవతలి మనిషి "మీరు చాలా స్ట్రాంగ్" అని మూడు సార్లు రాసింది. స్క్రీన్‌షాట్లు జతచేశాను, లెక్కపెట్టుకోండి.

ఆ మాట పొగడ్తలాగే వినిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. ఆమె విడమరిచి చెప్పాక తెలిసింది. నల్లజాతి ఆడదంటే రాయి, ఎంతైనా మోస్తుంది, నొప్పి తెలియదు అనే నమ్మకం బానిసత్వం నాటి నుంచీ ఉంది. అలబామాలోనే, మాంట్‌గొమరీలో, 1840లలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద మత్తు లేకుండా పదే పదే ఆపరేషన్లు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అని ముగ్గురి పేర్లే మిగిలాయి. అతని విగ్రహం న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నుంచి 2018లో గానీ తీయలేదు. అదే మాంట్‌గొమరీలో 1973లో రెల్ఫ్ అక్కచెల్లెళ్ళకి, పద్నాలుగేళ్ళ పిల్లకి, పన్నెండేళ్ళ పిల్లకి, చదువు రాని తల్లి చేత కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టించుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. నా స్నేహితురాలి తల్లిది ఆ ఊరే, అప్పటికి ఆవిడా ఆ ఈడు పిల్లే. కూతురు ఐవీఎఫ్ అంటే ఆవిడ ముందు అడిగిన మాట, "ఏ కాగితం మీద సంతకం పెట్టావు?" అని. ఇంత బరువు వెనకాల ఉన్న మనిషికి మీరు 'స్ట్రాంగ్' అని బిరుదిచ్చి చాట్ మూసేశారు.

మీ యాప్‌లో సంతానలేమి మీద ఒక వ్యాసం ఉంది. నల్లజాతి మహిళలు "ఆలస్యంగా సాయం కోరతారు" అని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు, తప్పు వాళ్ళదే అన్నట్టు. పాతికేళ్ళ నుంచి నలభై నాలుగేళ్ళ లోపు వాళ్ళలో గర్భం కోసం డాక్టర్ దగ్గరకి వెళ్ళేది తెల్లవారిలో 15 శాతమైతే వీళ్ళలో 8 శాతమే, నిజమే. ఎందుకో రాయరేం? ఒక ఐవీఎఫ్ సైకిల్‌కి 15 నుంచి 20 వేల డాలర్లు అవుతుంది. దానికి బీమా ఇచ్చి తీరాలనే చట్టం జార్జియాలో లేదు. నా స్నేహితురాలు రెండు సైకిళ్ళకి ఇల్లు కొనడానికి దాచుకున్న డబ్బు పెట్టింది. దానికి తోడు నల్లవాళ్ళకి పిల్లలు ఊరికే పుట్టేస్తారనే మాట ఒకటి. బయటివాళ్ళే కాదు, వాళ్ళ మేనత్త కూడా "మన ఇంటా వంటా ఈ రోగం లేదే" అందట. మనకి 'గొడ్రాలు' అనే మాట ఉంది, ఫంక్షన్లలో "విశేషం ఏమైనా ఉందా?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కష్టం ఇంకో రకం. అసలు అలాంటిది తమకి జరగదనే చుట్టూ అంతా అనుకుంటుంటే ఇక ఎవరితో చెప్పుకుంటారు? మిషిగన్ విశ్వవిద్యాలయంలో రోసారియో సెబాయో అనే ఆచార్యురాలు సంతానలేమితో ఉన్న 50 మంది నల్లజాతి మహిళలతో మాట్లాడి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్ళలో దాదాపు అందరూ దాన్ని నోరు మూసుకుని, ఒంటరిగా భరించినవాళ్ళే. మిషెల్ ఒబామా అంతటి ఆవిడ తనకి గర్భస్రావం అయిందని, ఇద్దరు కూతుళ్ళూ ఐవీఎఫ్‌తోనే పుట్టారని బయటికి చెప్పింది 2018లో.

ఇదంతా ఆమె ఒక్కదాని గొడవ అని ఫైలు మూసెయ్యకండి. నల్లజాతి మహిళలకి గర్భస్రావం ముప్పు తెల్లవారికన్నా 43 శాతం ఎక్కువని 2021లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. కడుపులోనే బిడ్డ చనిపోవడం సుమారు రెండింతలు. మీకు లక్షల మంది ఖాతాదారులున్నారని ప్రకటనల్లో చెప్పుకుంటారు కదా, మరి ఆ ఎర్ర బటన్ దగ్గర ఇలా ఆగిపోయినవాళ్ళు ఎంతమందో లెక్క తీశారా?

మేం కోరేది పెద్దదేం కాదు. మా ఇద్దరి ఖాతాలు, అందులోని ప్రతి తేదీ చెరిపేయండి, కారణం అడగకుండా. చెరిపేశామని కాగితం ఇవ్వండి. మా వివరాలు ఎవరెవరికి వెళ్ళాయో వాళ్ళ దగ్గరా తీయించండి. ఆమె కట్టిన 129 డాలర్లు వెనక్కివ్వండి. నాది అక్కర్లేదు, నేను కౌన్సెలర్ జోలికి వెళ్ళలేదు. మెసేజ్‌లు ఆపే బటన్ మొదటి పేజీలోనే పెట్టండి. తెలుగులో "మెసేజ్‌లు ఇక వద్దు" అంటే చాలు, రద్దులూ ఖచ్చితాలూ ఏం వద్దు. నల్లజాతి కౌన్సెలర్లని పెట్టుకోండి. పెట్టుకునే దాకా కనీసం దారి అయినా చూపించండి. సంతానలేమితో ఉన్న నల్లజాతి మహిళలకి తోడుండే బృందాలున్నాయి. రెజీనా టౌన్సెండ్ 2009లోనే 'ద బ్రోకెన్ బ్రౌన్ ఎగ్' మొదలుపెట్టారు. షికాగోలో పాస్టర్ స్టేసీ ఎడ్వర్డ్స్ డన్ 2013లో 'ఫెర్టిలిటీ ఫర్ కలర్డ్ గర్ల్స్' పెట్టారు. నా స్నేహితురాలు ఇప్పుడు నెలకోసారి మాట్లాడుతున్నది అలాంటి ఒక బృందంతోనే. ఆ సంగతి ఆమెకి చెప్పింది మీ కౌన్సెలర్ కాదు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు, ఒక చీటీ మీద రాసిచ్చి.

సెప్టెంబర్ 15 లోగా మనిషి రాసిన జవాబు రాకపోతే, ఈ ఉత్తరం ఇంగ్లీషు చేసి, స్క్రీన్‌షాట్లతో కలిపి, ఇక్కడ వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి పంపుతాను.

ఫోన్ చేసేటట్టయితే ఇక్కడి టైము సాయంత్రం ఆరు దాటాక నాకు చేయండి. ఆమెకి మాత్రం చేయకండి, క్షమాపణ చెప్పడానికైనా సరే. ఏదైనా ఉంటే నాతో చెప్పండి, ఆమెకి నేను చెబుతాను.

ఇట్లు,
మీ ప్రీమియం ఖాతాదారు

జతచేసినవి: చాట్ స్క్రీన్‌షాట్లు 6, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు 31, రెండు డబ్బాల ఫొటోలు, 129 డాలర్ల రసీదు