ప్యాకేజీ ఫొటోలు సరే, పదేళ్ల తర్వాత వాళ్లెక్కడున్నారో కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, పేపర్ తెరవగానే ఫుల్ పేజీ యాడ్లు, టై కట్టుకున్న పిల్లల ఫొటోలు, కింద పెద్ద అక్షరాల్లో ప్యాకేజీలు, మా గుంటూరులో ఏ సెంటర్‌లో చూసినా అవే ఫ్లెక్సీలు. ఆ పిల్లలు కష్టపడ్డారు, వాళ్లకి రావాల్సిందే వచ్చింది, దాని గురించి నాకేం లేదు. కానీ ఆ ఒక్కడి ప్యాకేజీ చూసి వందలమంది తల్లిదండ్రులు అప్పు చేసి మరీ పిల్లల్ని చేర్పిస్తున్నారండి, మరి ఆ వందలమంది తర్వాత ఏమయ్యారో ఎవరూ రాయట్లేదు.

చాలామందికి తెలియంది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి వెళ్లిన కాలేజీలు తామిచ్చిన డేటా సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి, అందులో మీడియన్ శాలరీ అని ఒక కాలమ్ ఉంటుంది. అంటే హయ్యెస్ట్ ప్యాకేజీ కాదు, ఉద్యోగాలొచ్చిన వాళ్లందర్నీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది పై చదువులకి వెళ్లారు అన్నది కూడా ఉంటుంది. ఆప్షన్లు పెట్టే ముందు దయచేసి అది చూడండి.

అదైనా మొదటి ఉద్యోగం లెక్కే. నేను సివిల్ చదివాను, గుంటూరులోనే బిల్డింగులకి స్ట్రక్చరల్ డిజైన్ చేస్తుంటా. మా బ్యాచ్‌లో సగంమంది పాసవ్వగానే అమీర్‌పేట వెళ్లి ఏదో కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయారు, కొంతమంది బ్యాంకు పరీక్షలు రాశారు, ఒకడు ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, ఇద్దరు ముగ్గురు 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్లయ్యారు. మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతం మాకు రెండింతలు, ఇంట్లో చుట్టాల్లో మాటలు పడ్డాం. ఇన్నేళ్లకి చూస్తే ఏ ఫీల్డ్‌లో అయినా గట్టిగా నిలబడింది సబ్జెక్ట్ బుర్రకెక్కించుకున్న వాళ్లే. ఒకతను ఐటీకే వెళ్లాడు కానీ బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే టీమ్‌లో ఉన్నాడు, సివిల్ రాకపోతే ఆ ఉద్యోగం అతనికి లేదు. ఆల్ ఇన్ వన్ గైడ్లు బట్టీకొట్టి గట్టెక్కినవాళ్లు మాత్రం కంపెనీలో టెక్నాలజీ మారినప్పుడల్లా అఆల దగ్గర్నుంచి మొదలుపెట్టుకుంటున్నారు, వాళ్లని చూస్తే బాధేస్తుంది.

మా ఆఫీసుకొచ్చే కొత్త పిల్లలు కంప్యూటర్‌లో మోడల్ చకచకా చేసేస్తారు. సైట్‌కి తీసుకెళ్తే బాల్కనీ దగ్గర ఆగిపోతారు. గోడ దాటి బయటికొచ్చిన బాల్కనీ స్లాబ్‌కి లాగుడు పైభాగంలో ఉంటుంది కాబట్టి మెయిన్ రాడ్ పైనే ఉండాలి, ఇది క్లాసులో చెప్పే పాఠమే. రాడ్ కరెక్ట్‌గానే కడతారు, కానీ కాంక్రీట్ పోసేటప్పుడు కూలీలు దాని మీదే నడుస్తారు, రాడ్‌ని పైకి ఎత్తి పట్టుకునే చైర్లు (వంచిన ఇనప ముక్కలు) కింద సరిపడా పెట్టకపోతే డ్రాయింగ్‌లో పైనున్న రాడ్ కాస్తా కిందికి దిగిపోతుంది, సెంట్రింగ్ తీశాక గోడ దగ్గర పగులొస్తుంది, ఒక్కోసారి బాల్కనీయే కూలిపోతుంది. ఈ మాట రాడ్ బెండింగ్ మేస్త్రి చెప్తుంటే బీటెక్ పాసైన పిల్లలు మొదటిసారి వింటున్నారు. నాలుగేళ్లలో ఒక్క పూట స్లాబ్ వేసే చోట నిలబెట్టి చూపించలేకపోయారా అని మేష్టార్లని కాదు, మేనేజ్‌మెంట్లని అడుగుతున్నా.

ఒక బ్రాంచ్‌లో ఇన్నే సీట్లు అన్న లిమిట్‌ని, ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకి ఎత్తేసింది, దాంతో అవి కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకునే దారి దొరికింది. సివిల్, మెకానికల్ అంటే జాలిగా చూస్తున్నారు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి, పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి సాయపడే ఎదురు బరువులు) దెబ్బతింటే బాగుచెయ్యడానికి ఎవర్ని పిలిచారో గుర్తుందా? ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని. అంతకు ముందు నెల తుంగభద్ర డ్యామ్ గేటు కొట్టుకుపోయినప్పుడూ ఆయన్నే. ఆ పెద్దాయనకి చేతులెత్తి మొక్కాలి, కానీ ఆయన తర్వాత ఎవరు అన్నది ఆ బ్యారేజీ దిగువన ఉండే మనందరి భయం కావాలి.

ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కోసం కాలేజీలే పాసైన కొన్నేళ్లకి మా స్టూడెంట్స్ ఈ స్థాయిలో ఉంటారు అని లక్ష్యాలు రాసిస్తాయి. ఉన్నారా లేదా అన్నది మీరు అడగండి. కౌన్సెలింగ్ టైంలో మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల కాలేజీల నుంచి పదేళ్ల కిందటి ఒక్కో బ్యాచ్ తీసుకుని, ఏ బ్రాంచ్ వాళ్లు ఏ పనిలో ఉన్నారు, ఎంతమంది ఫీల్డ్ మారారు, ఎందుకు మారారు అని పేర్లు లేకుండా జిల్లా పేజీలో వేస్తే చాలు. మా బ్యాచ్ వరకు నేనే అందరికీ ఫోన్లు చేసి వివరాలు పోగుచేసి మీ ఆఫీసుకి పంపిస్తా.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీర్,
బ్రాడీపేట, గుంటూరు