అమాయకత్వం కాదమ్మా

అమ్మలూ,

అమెరికాలో నీ నల్లజాతి రూమ్మేట్ ఇంట్లో గోడమీద వాళ్ల ముత్తాత ఫోటో చూశానన్నావు కదా, రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక దుస్తుల్లో. "ఓటు కూడా వెయ్యనివ్వని దేశం కోసం పోరాడారంటే ఎంత అమాయకులు నాన్నా!" అన్నావు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఫోన్లో వాదన మొదలుపెడితే మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను.

వాళ్లు అన్నీ తెలిసే వెళ్లారు. 1942లోనే 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవాళ్ల పత్రిక రెండు విజయాలు కావాలంది. ఒకటి బయట ఫాసిజం మీద, రెండోది సొంత దేశంలో వివక్ష మీద.

రెండోదానికి ఏం గతి పట్టిందో నువ్వుంటున్న సౌత్ కరోలైనాలోనే కనబడుతుంది. 1946 ఫిబ్రవరి 12న సార్జెంట్ ఐజాక్ వుడర్డ్ సైన్యం నుంచి విడుదలై, ఒంటిమీద యూనిఫాంతోనే ఇంటికి బస్సెక్కాడు. ఒంటేలుకు ఆపమన్నందుకు డ్రైవర్‌తో మాటామాటా పెరిగింది. బేట్స్‌బర్గ్‌లో డ్రైవర్ పోలీసులకు అప్పగించాడు. పోలీస్ చీఫ్ లిన్‌వుడ్ షల్ కొట్టిన దెబ్బలకు వుడర్డ్‌కి రెండు కళ్లూ పోయాయి. పసిఫిక్ యుద్ధంలో కూడా ఏమీ కాని కళ్లు! అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అరగంట కూడా తీసుకోకుండా షల్ నిర్దోషి అని తేల్చేసింది.

ఈ ఘోరం విన్న అధ్యక్షుడు ట్రూమన్ ఆ ఏడాదే పౌరహక్కుల కమిటీ వేశాడు. 1948 జులైలో సైన్యంలో సమాన అవకాశాల ఉత్తర్వు ఇచ్చాడు. అమలుకు మాత్రం కొరియా యుద్ధం దాకా పట్టిందిలే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ కేసు విన్న జడ్జి వేటీస్ వేరింగ్. ఆయన తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది సైన్యంలో పోరాడినవాడు. అలాంటింటి మనిషి ఆ తీర్పు తర్వాత మారిపోయాడు. అదే రాష్ట్రంలోని క్లారెండన్ కౌంటీలో తెల్లపిల్లలకు స్కూల్ బస్సులుండేవి, నల్లపిల్లలకు ఒక్కటీ లేదు, మైళ్లకొద్దీ నడక. బస్సు అడగడంతో మొదలైన గొడవ తెల్ల, నల్లపిల్లల్ని వేరే బడుల్లో పెట్టే వేర్పాటే తప్పన్న కేసు దాకా వెళ్లింది, అది వేరింగ్ ముందుకొచ్చింది. దాని మీద మొదటి పేరు హ్యారీ బ్రిగ్స్‌ది. నౌకాదళంలో చేసొచ్చి పెట్రోల్ బంకులో పనిచేసేవాడు. కొడుకు చదువు కోసం సంతకం పెట్టినందుకు ఆయన పని పోయింది, భార్య ఎలైజా పనీ పోయింది. 1951లో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు కాదన్నారు. వేర్పాటంటేనే అసమానత అని వేరింగ్ ఒక్కడే రాశాడు. 1954లో సుప్రీంకోర్టు ఆ మాటకే వచ్చింది, ఈ కేసునీ కలిపి విన్న బ్రౌన్ అనే కేసు తీర్పులో.

ఇందులో మనకూ వాటా ఉంది తల్లీ. 1946 నాటి అమెరికా చట్టం ప్రకారం మన దేశం మొత్తానికీ ఏడాదికి 100 మంది వలస కోటా. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965లో ఆ దేశాలవారీ కోటాలు పోయాయి. మనవాళ్లు అంతమంది అక్కడ స్థిరపడింది ఆ తర్వాతే.

ఇంకొక్కటి. యుద్ధం చేసొచ్చినవాళ్లకి ప్రభుత్వం హామీ ఇచ్చే లోన్లుండేవి. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో అలాంటివి 3,229 ఇస్తే, నల్లవాళ్లకి వచ్చినవి రెండే. ఆ ముత్తాతగారికి లోన్ దొరికిందో లేదో వీలైతే మీ రూమ్మేట్‌ని అడుగు. అడగడం ఇబ్బందైతే వద్దులే. వాళ్ల పెద్దవాళ్లు ఏదైనా చెబితే మాత్రం నాకు రాయి.

నాన్న