షుగర్ ఉన్నవారి ఎముక గురించి అడిగితే ఇంతమంది పలికారు

షుగర్ ఉన్నవారిలో ఎముకను తిరిగి పెంచే బయోమెటీరియల్స్ (ఒంట్లో అమర్చే పదార్థాలు) మీద సెమినార్ ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగాను కదా. నిన్న అయిపోయింది, బాగా జరిగింది. పలికిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ముందు సెల్ బయాలజీ మేడమ్‌కి. "పదార్థం సంగతి తర్వాత, అది వెళ్లే ఒంట్లో ఏం జరుగుతోందో చూడు" అంటూ ఓపిగ్గా బొమ్మ గీసి పంపారు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే అది ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఏజీఈలు (చక్కెర అంటుకుని మారిపోయిన ప్రోటీన్లు) తయారవుతాయి, ఎముక పెళుసుబారుతుంది. టైప్ 2 వారికి సాంద్రత పరీక్షలో అంతా మామూలుగా కనిపించినా ఎముక విరిగే ముప్పు ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. గాయం దగ్గర మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వాపును పెంచే ఎం1 రూపంలోనే ఉండిపోతాయి, మరమ్మతు చేసే ఎం2 వైపు సరిగా మళ్లవు. సన్న రక్తనాళాలూ దెబ్బతింటాయి. సెమినార్‌లో అందరూ ఫొటో తీసుకున్నది ఆ బొమ్మనే!

మెటీరియల్స్ ల్యాబ్ అన్నకి కూడా. ఎముకలో ఖాళీని నింపే పదార్థాల్లో హైడ్రాక్సీఅపటైట్ చాలా నెమ్మదిగా కరుగుతుంది, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అంతకంటే త్వరగా. ఏదైనా పందిరే, తీగలో జీవం లేకపోతే పందిరేం చేస్తుంది అన్నాడు. అందుకే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను (చురుకైన ఆక్సిజన్ అణువులు పెరిగి కణాలకు చేసే చేటును) తగ్గించే సీరియం ఆక్సైడ్ నానోకణాలు, రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే మెగ్నీషియం, గ్లూకోజ్ పెరిగితే మందు వదిలే ఫినైల్‌బొరోనిక్ ఆమ్లపు హైడ్రోజెల్స్ (నీటిని పట్టి ఉంచే జెల్స్) గురించి విడివిడిగా చెప్పాడు. చివరిది నాకు అన్నిటికంటే నచ్చింది.

అయితే అసలు మేలు చేసింది ఒక సీనియర్ అక్క అడిగిన ప్రశ్న: "ఈ పేపర్‌లో ఎలుకకు షుగర్ ఉందా?" చాలా వాటిలో లేదు! ఉన్నవాటిలోనూ ఎక్కువగా స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చి ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపినవే, అంటే టైప్ 1కి దగ్గర. మనుషుల్లో ఎక్కువమందికి ఉన్నది టైప్ 2. ప్రొఫెసర్ కూడా సరిగ్గా ఇదే అడిగారు. అక్కా, ఆ జవాబు పూర్తిగా మీదే.

వాళ్లమ్మగారి దవడ ఇంప్లాంట్ కోసం ఈ కొత్త జెల్స్ దొరుకుతాయా అని ఒకరు అడిగారు. అవి ఇంకా ఎక్కువగా ల్యాబ్, జంతు ప్రయోగాల దశలోనే ఉన్నాయండీ. ఇప్పటికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) అదుపులో ఉందో లేదో డాక్టర్‌తో మాట్లాడటమే ముఖ్యం. స్లైడ్స్ అడిగినవాళ్లకు ఈ వారంలో పంపిస్తాను, మేడమ్ బొమ్మతో సహా. వారి అనుమతి తీసుకున్నాను.