ఏ దసరాకో చెప్పండి చాలు: పిల్లల పార్కు గురించి మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

పార్కు చుట్టుపక్కల కాలనీల తల్లిదండ్రులం నమస్కరించి రాసుకుంటున్నది. ప్రజావాణిలో మేమిచ్చిన నాలుగు అర్జీలూ మీ ఆఫీసులో క్షేమంగా ఉన్నాయని తలుస్తాం. వాటి రసీదులు ఇక్కడ మా దగ్గర క్షేమం. "దసరా సెలవులకల్లా పిల్లల ఆటస్థలం సిద్ధం చేస్తాం" అని రెండో అర్జీ మీద మాట ఇచ్చారు. ఏ సంవత్సరం దసరాకో చెప్పలేదు కాబట్టి మాట తప్పారని మేం అనడానికి లేదు. ఒక దసరా అయిపోయింది, ఇంకో దసరా వచ్చేస్తోంది.

పట్టణాలకి కేంద్రం ఇచ్చే అమృత్ పథకం నిధుల సంగతి, మున్సిపల్ బడ్జెట్లో పచ్చదనానికి తియ్యాల్సిన 10 శాతం గ్రీన్ బడ్జెట్ సంగతి మీకు మేం చెప్పనక్కర్లేదు. పార్కులో డబ్బు ఖర్చు కాలేదని కూడా మేం అనడం లేదు. గేటు పక్కన "ఐ లవ్" అని పట్టణం పేరుతో నిలబెట్టిన అక్షరాలు రాత్రంతా రంగులు మారుస్తూ వెలుగుతున్నాయి. మా బాధ అక్కడికి యాభై అడుగుల అవతల, జారుడుబల్ల దగ్గర మొదలవుతుంది.

ఆటస్థలం చూసేవాళ్ళు అందరూ పైకే చూస్తారు. బల్ల ఉందా, ఉయ్యాల ఉందా, రంగు బాగుందా అని. ఒక్కసారి కింద చూడండి. మన జారుడుబల్ల మెట్ల కింద పరిచినవి ఇంటర్‌లాకింగ్ టైల్స్. మెట్లెక్కి పిల్లలు నిలబడే పైతట్టు నేల నుంచి నాలుగడుగులు. అంతెత్తు నుంచి మూడేళ్ళ పిల్ల జారి పడితే చేతులు సమయానికి అడ్డం పెట్టుకోలేకపోవచ్చు, ఒంటితో పోలిస్తే తల బరువు, కాబట్టి ముందు తలే తగలొచ్చు. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఆటస్థలాల కోసం వేసిన చేతిపుస్తకంలో నాలుగడుగుల ఎత్తుకి కింద 9 అంగుళాల ఇసుక ఉండాలని రాసుంది. కాంక్రీటు, తారు అసలు పనికిరావు. మట్టినేల, పచ్చిక కూడా ఆ లెక్కలోకి రావు, ఎందుకంటే తొక్కుడుకి నెల తిరక్కుండా గట్టిపడిపోతాయి. టైల్స్ మాట ఇక చెప్పేదేముంది?

మూడో అర్జీకి మీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. "ఇసుక పోయించడమైనది." సంతోషించి వెళ్ళి చూస్తే అది ఇసుక కాదండీ, క్రషర్ డస్టు, అంటే కంకర మిషన్ల దగ్గర మిగిలే రాతిపొడి. అదీ టైల్స్ తియ్యకుండా వాటి మీదే రెండంగుళాల మందాన. టైల్స్ కింద మేస్త్రీలు డస్టే ఎందుకు పరుస్తారో మీ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారినడగండి. గింజ కోసుగా ఉంటుంది, మధ్యలో పిండిలాంటి పొడి దూరుతుంది, నీళ్ళు తగిలితే బిగుసుకుంటుంది. రోడ్డుకి కావలసిన గుణాలన్నీ అందులో ఉన్నాయి. పిల్లల కింద ఉండకూడని గుణాలూ అవే. భాద్రపదంలో రెండు మంచి వానలు పడేసరికి గోటితో గీస్తే గీత పడనంతగా గట్టిపడింది. బల్ల జారి దిగేచోట మాత్రం పిల్లల కాళ్ళ రాపిడికి గుంట పడి, దాంట్లో బురదనీళ్ళు నిలిచాయి. కాబట్టి జారిన ప్రతి పిల్లా ముందు నీళ్ళలోకి, తర్వాత రోడ్డు మీదికి దిగుతోంది.

ఏం చెయ్యాలో మేమే రాసిస్తున్నాం, ఎస్టిమేటుకి పనికొస్తుంది. చిన్న బల్లకి చుట్టూ అన్ని వైపులా ఆరడుగులు వదలాలి. మన బల్ల కొలతకి అది 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గుంట అవుతుంది. టైల్స్ లేపి 16 అంగుళాలు తవ్వండి. అడుగున నాలుగంగుళాలు 20 ఎం.ఎం. కంకర, దాని మీద రెండు మడతల షేడ్‌నెట్. లేకపోతే ఇసుక కంకరలోకి దిగిపోతుంది, కంకర పైకి వచ్చేస్తుంది. పల్లం మూల నుంచి ఒక పైపు కాలవలోకి పెట్టండి, ఇది మర్చిపోతే గుంట కాస్తా కుంట అవుతుంది. దాని మీద 12 అంగుళాలు ఏటి ఇసుక, దొడ్డు రకం, గుండ్రటి గింజ, జల్లెడ పట్టి రాళ్ళూ గవ్వలూ తీసినది. పన్నెండు పోస్తేనే దిగి దిగి తొమ్మిది దగ్గర నిలుస్తుంది. మొత్తం 300 ఘనపుటడుగులు, ట్రాక్టరు తొట్టి సైజుని బట్టి మూడు నాలుగు ట్రిప్పులు. అక్షరాల లైట్ల ఖర్చు ముందు ఇదొక లెక్కా?

పోసి వదిలేస్తే మళ్ళీ చెడుతుంది. రోజూ పొద్దున ఒక మనిషి దంతెతో పది నిమిషాలు గుల్లచెయ్యాలి, బల్ల చివర గుంటలోకి పక్క ఇసుక లాగాలి. రాత్రి తాటిపత్రి కప్పాలి. కప్పకపోతే ఊళ్ళో కుక్కలకీ పిల్లులకీ మెత్తటి ఇసుక కంటే మంచి దొడ్డి దొరకదు, ఆ మలంలోని పురుగుల గుడ్లు ఇసుకలో నెలల తరబడి బతికుంటాయి, పిల్లల వేళ్ళు నోట్లోకి వెళ్ళకుండా ఉండవు.

ఇక బల్ల. ఫైబరు బల్ల మీది నున్నటి పూత ఎండకి పొడిగా రాలిపోయి లోపలి గాజుపోగులు బయటపడ్డాయి. అరచేత్తో కింది నుంచి పైకి రాస్తే గుచ్చుకుంటాయి. పిల్లల తొడల్లో దిగితే కంటికి కనబడవు, రాత్రంతా దురద, ఏడుపు. దీనికి కొత్త బల్ల కూడా అక్కర్లేదు, గరుకు కాగితంతో రుద్ది పైన మళ్ళీ ఆ నున్నటి పూత, జెల్‌కోట్, వేస్తే సరి. పైతట్టుకీ బల్లకీ మధ్య అతుకు దగ్గర వేలెడు సందు ఉంది. బతుకమ్మ రోజుల్లో చిన్నపిల్లలు పట్టుపరికిణీల్లో వస్తారు. అంచు ఆ సందులో ఇరుక్కుంటే పిల్ల కిందికీ, బట్ట పైకీ. మెడలో గొలుసో ఓణీయో అయితే ఏమవుతుందో రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు. పైతట్టు చుట్టూ గ్రిల్లు సందు అయిదంగుళాలు. మూడున్నర అంగుళాలకి మించి, తొమ్మిది అంగుళాలకి లోపు ఉన్న ఏ సందైనా ప్రమాదమే: ఒళ్ళు కాళ్ళవైపు నుంచి దూరుతుంది, తల దూరదు. మధ్యలో ఒక్కొక్క ఊచ వెల్డింగ్ చేయిస్తే అయిపోతుంది. వెల్డరుకి ఒక పూట పని. దీని మీద రెండు అర్జీలు నడిచాయి.

ఉయ్యాలల దగ్గర ఎస్ హుక్కుల నోళ్ళు తెరుచుకున్నాయి. రూపాయి బిళ్ళ దూరేంత సందు కూడా ఉండకూడదు, మనవాటిలో బొటనవేలు దూరుతుంది. సుత్తితో మూయించండి. గొలుసు పై కొలికి దగ్గర లింకు అరిగి సన్నబడింది, దాన్ని మాత్రం మార్చాల్సిందే. ఉన్న నాలుగు ఉయ్యాలలూ పెద్దపిల్లలవి, ఇనప పలకలు. రెండేళ్ళవాడిని కూర్చోబెట్టే తొట్టి ఉయ్యాల ఒక్కటి లేదు. పైగా ఉయ్యాలకి ముందూ వెనకా దూలం ఎత్తుకి రెట్టింపు ఖాళీ వదలాలి. మనది ఎనిమిదడుగుల దూలం, నాలుగడుగుల్లో వాకింగ్ ట్రాక్. నడిచేవాళ్ళు ఫోన్ చూసుకుంటూ వస్తారు. తగలడం పిల్లల తప్పని తిడతారు.

పక్కనే ఓపెన్ జిమ్ పెట్టారు. పద్నాలుగేళ్ళ లోపువాళ్ళు వాడరాదని బోర్డూ పెట్టారు. ఆటస్థలం పాడైపోయి, పక్కన రంగురంగుల ఇనప ఊపుళ్ళు ఉంటే నాలుగేళ్ళ పిల్లవాడు బోర్డు చదువుకుని వెనక్కి వెళ్తాడా? ఎయిర్ వాకర్ కీలు సందులో వేళ్ళు పెడతాడు. రెంటి మధ్య రెండడుగుల ఎత్తు కంచె చాలు.

టైర్ల గురించి ప్రత్యేకంగా అడగాలి. ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని మీవాళ్ళే ఇంటింటికీ చెప్పారు. కూలర్లు వంచి చూశారు, డ్రమ్ముల మూతలెత్తి చూశారు, పూలకుండీ పళ్ళెంలో నీళ్ళుంటే కేకలేశారు. మంచిదే. మరి పార్కులో గెంతులాటకని నేల మీద పరిచిన పాత టైర్లు, రంగులేసినవి, పద్నాలుగు ఉన్నాయి. వాన పడితే ఒక్కొక్క టైరు లోపలి అంచులో రెండు మూడు లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. నీడ, చెత్తాకు, కదలని నీళ్ళు. డెంగీ దోమకి ఇంతకన్నా ఏం కావాలి? గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు. ఆ దోమ కుట్టేదీ పగలే, మరీ ముఖ్యంగా పొద్దెక్కిన మొదటి గంటల్లో, మళ్ళీ పొద్దు వాలే ముందు. అంటే సరిగ్గా పిల్లలు పార్కులో ఉండే వేళ. ఫాగింగ్ బండి పొగ ఎగిరే దోమకే గాని టైరు నీళ్ళలో పురుగుకి తగలదు. డ్రిల్లు పట్టుకున్న మనిషి ఒక్కడు, అరంగుళం బిట్టు, కిందివైపు టైరుకి నాలుగు బెజ్జాలు. లేదా లోపల మట్టి కుక్కించండి. మా ఇంటి కుండీకి వేసిన జరిమానా మీ పార్కుకి ఎవరు వేస్తారో ఒకసారి చెప్పండి సార్.

వేళల సంగతి. పార్కు గేటు సాయంత్రం అయిదుకి తీస్తున్నారు. ఎండాకాలంలో అది సబబే. ఆశ్వయుజంలో మన దగ్గర సూర్యుడు ఆరుకల్లా అస్తమిస్తాడు. బడి నాలుగింటికి వదిలితే, అయిదుకి గేటు తీస్తే, లైట్లు లేని ఆటస్థలంలో పిల్లలకి మిగిలేది గంట. ఆ గంటా దోమల గంటే. మూడున్నరకి తీయించండి. సెలవుల్లో పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా కూడా తెరిచి ఉంచండి. వాకింగ్ వాళ్ళకి తెల్లవారుజామున అయిదుకే తీస్తున్నప్పుడు ఇది కొత్త ఖర్చేం కాదు. బళ్ళు, పశువులు రాకుండా పెట్టిన మెలికల గేటు పిల్లల తోపుడుబండినీ రానివ్వదు. ఒక చేతిలో బండి, ఇంకో చేతిలో పిల్ల, భుజాన సంచి. ఆ గేటు దాటడం ఒక విద్య.

మరుగుదొడ్డి ఉంది, తాళమూ ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ట్యాంకు దగ్గర. మూడేళ్ళ పిల్ల "వస్తోంది" అంటే మనకున్న గడువు రెండు నిమిషాలు, ఫోన్ చేసి పిలిపించేంత ఓపిక ఆ పిల్లకి లేదు. ఫలితం పొదల వెనక. అదే పొదల్లో పచ్చగన్నేరు. అందానికి వరసగా నాటారు, పసుపు పూలు, ఆకుపచ్చ కాయలు. ఆ కాయ లోపలి గింజ గుండెని ఆపేసే విషమని పల్లెటూళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పిల్లలు కాయలేరుకుని అంగడి ఆట ఆడుకునేది అక్కడే. ఇంకేం మొక్కలు దొరకలేదా?

దొరకలేదని కాదు, ఉన్నది కొట్టేశారు. కట్టవైపు అంచున తంగేడు దానంతటదే పెరిగింది. రాష్ట్ర పుష్పం. పిల్లలకి చూపించి, కోయించి, ఇంటికి తెచ్చి బతుకమ్మ పేర్చుకోవచ్చని ఎదురు చూశాం. పోయినసారి బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూలకి నాలుగు రోజుల ముందు గడ్డికోత మిషనొచ్చి దాన్నీ గునుగునీ నేలమట్టం చేసింది. వయ్యారిభామ మాత్రం మోకాలెత్తున, పూతతో సహా అలాగే వదిలేశారు. దద్దుర్లు, తుమ్ములు వచ్చేది దానితోనండీ. ఈసారి మిషను మనిషికి రెండు మొక్కల తేడా చెప్పి పంపండి. చెప్పేవాళ్ళు లేకపోతే మేం వచ్చి చెబుతాం.

బతుకమ్మ పార్కులో ఆడించడం మాకూ ఇష్టమే. కాని పందిరి తాళ్ళు ఉయ్యాల దూలానికి కట్టవద్దు. జనరేటరు జారుడుబల్ల పక్కన పెట్టవద్దు. పందిరి తీశాక మేకులు పీకించండి. పోయినేడు విప్పిన పందిరి తాలూకు ఇనప మేకులు, జానెడు పొడుగువి, గడ్డిలో తలలు పైకి పెట్టి నెలరోజులున్నాయి. చెప్పులు విప్పి పరిగెత్తేది పెద్దవాళ్ళు కాదు.

కోరేవి చాలా అయ్యాయని మాకూ తెలుసు. అన్నీ ఒక్కసారి కాదంటే పోనీ ఇసుక. ఇసుకా, తాళంచెవీ. టైర్లకి బెజ్జాలు కూడా, అవి వారం ఆగేవి కావు. గ్రిల్లు ఊచలు ఒక పూట పనని పైన రాశాం, మళ్ళీ రాస్తున్నాం. కాంట్రాక్టరుకి బిల్లయిపోయిందని మీ ఆఫీసులో అంటున్నారు. పని తర్వాత చెడితే బాగుచెయ్యాల్సిన గడువు ఒప్పందంలో ఉంటుంది కదా, అది అయిపోయిందో లేదో ఫైలు తెరిస్తే తెలుస్తుంది. దయచేసి ఆ ఫైలు తెరవండి. పిల్లలకి నాలుగేళ్ళ వయసు ఒక్క ఏడాదే ఉంటుంది సార్, మీ ఫైలుకి అలాంటి ఇబ్బంది లేదు.

ఇట్లు,
పార్కు చుట్టుపక్కల కాలనీల తల్లిదండ్రులు

తా.క.: ఈసారి మాత్రం ఇసుక లోడు దిగేటప్పుడు దయచేసి మాకొక ఫోన్ చేయించండి. దోసెడు తీసి నీళ్ళలో కలిపి చూస్తాం. నీళ్ళు బూడిదరంగుకి తిరిగితే డస్టు. ట్రాక్టరుని అక్కడి నుంచే వెనక్కి పంపేద్దాం.