మా బాబు ఇంటికొచ్చాడు, కాజీపేటలో మాకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మా బాబు బాగున్నాడు. నిన్న పొద్దున గిన్నెడు రాగి జావ తాగేసి, ఖాళీ గిన్నె నేలకేసి కొట్టి, వాళ్లక్క జడ పట్టుకుని లాగాడు. ఇన్ని రోజులుగా ఫోన్ చేసి అడుగుతున్న అందరికీ ముందు ఈ కబురు చెప్పాలి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చాలామందికి జవాబు ఇవ్వలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సాయం చేసినవాళ్లలో కొందరు తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఇంట్లో పిలుచుకునే వరసలతోనే రాస్తాను. ఎవరి సంగతో వాళ్లకు తెలుస్తుంది.

మా గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. నా భార్య రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజన్‌లో సహాయ డ్రైవర్. కాజీపేట లాబీ (ఇంజన్ సిబ్బంది డ్యూటీ ఆఫీసు), గూడ్స్ బండ్లు. ఆమె డ్యూటీకి పగలనీ రాత్రనీ లేదు. కాల్ వచ్చిందంటే లాబీకి వెళ్లి సైన్ ఆన్ చేసి డ్యూటీ ఎక్కాల్సిందే. బల్లార్షా వైపు వెళ్తే అక్కడి రన్నింగ్ రూంలో రెస్ట్ తీసుకుని, మళ్లీ బండి దొరికాకే ఇంటిదారి. ఇంజన్ మీద ఉన్నంతసేపు సొంత ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది. పాప పుట్టినప్పుడు మా అమ్మ ఉంది, అంతా తనే చూసుకుంది. బాబు పుట్టేనాటికి అమ్మ లేదు. 180 రోజుల ప్రసూతి సెలవు ఎంత తొందరగా అయిపోతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. పిల్లల సంరక్షణ సెలవంటూ సర్వీసు మొత్తానికి 730 రోజులు ఉంది. కానీ ఇద్దరు పిల్లలకీ పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆ రోజులే ఆధారం, ఇప్పుడే ఖర్చు పెట్టేస్తే వాళ్ల పదో తరగతి పరీక్షలకు ఏం మిగులుతాయి? నేను హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను మానేశాను. ఇష్టపడే మానేశాను, ఈ రోజుకీ అదే ఇష్టంతో ఉన్నాను.

అర్ధరాత్రి కాల్ వస్తే ఆమె యూనిఫాం వేసుకునేలోపు నేను డబ్బా కట్టి, నీళ్ల సీసా నింపి పెడతాను. అలికిడికి బాబు లేస్తే భుజాన వేసుకుని వెనక గదిలోకి తీసుకెళ్తాను. అమ్మ చెప్పులు వేసుకోవడం చూశాడంటే ఇక తెల్లారేదాకా ఏడుపే. పొద్దున పాపకు రెండు జడలు వేయాలి, రెండు పాయలూ సమానంగా రాకపోతే అద్దం దగ్గర నుంచి కదలదు. దాన్ని అంగన్‌వాడీలో దింపి వచ్చేసరికి వీడికి నిద్ర ముంచుకొస్తుంది. బట్టలు, అంట్లు, కూర, పప్పు, అన్నీ ఆ కాస్త సేపట్లోనే కావాలి. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు సన్నగా బుసకొడుతుంది చూడండి, సరిగ్గా అప్పుడే మంట తగ్గించాలి. విజిల్ మోగిందా, వాడు లేచాడన్నమాటే. ఇలాంటి పనుల్లో నాకు ఇప్పుడు మంచి నేర్పు వచ్చింది, దాన్ని చూసుకుని నాకు గర్వంగా ఉంటుంది.

ఇక ఆ రాత్రి సంగతి. సాయంత్రం నుంచి బాబుకు వాంతులు, విరేచనాలు. ఓఆర్‌ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పడుతూనే ఉన్నాను. రాత్రి జ్వరం పెరిగింది. పాలు పడదామని ఒళ్లోకి తీసుకున్నానో లేదో, ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది. కళ్లు పైకి వెళ్లిపోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నేను పెట్టిన కేకకు వాడకట్టు మొత్తం లేచింది.

మొదట వచ్చింది ఎదురింటి పెద్దమ్మ. ఏఎన్ఎంగా చేసి రిటైరయిన మనిషి. అప్పటికే ఎవరో వాడి గుప్పిట్లో పెట్టడానికి తాళంచెవి తెచ్చారు, ఇంకొకరు పళ్ల మధ్య పెట్టమని చెంచా అందిస్తున్నారు. పెద్దమ్మ గుమ్మంలో నుంచే గట్టిగా అరిచింది. "ఇనుము వద్దు, చెంచా వద్దు. నోట్ల ఏం పెట్టకుండ్రి. పక్కకు తిప్పి పండవెట్టు బిడ్డా, మెడకాడ గుండీ తియ్యి. కాళ్లు చేతులు గట్టిగ పట్టకు, కొట్టుకోనియ్యి. నేను గడియారం చూస్తున్న." ఆమె నిజంగానే గోడ గడియారం చూస్తూ నిలబడింది. మూడు నిమిషాల్లోపే ఆగిపోయిందని తర్వాత చెప్పింది. నాకైతే ఆ మూడు నిమిషాలు గడవనే లేదు. ఆగాక వాడు మత్తుగా నా చేతి మీద వాలిపోయాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని పదే పదే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటే, పెద్దమ్మ నా వేలు పట్టుకుని వాడి పొట్ట మీద పెట్టింది. పొట్ట లేస్తోంది, దిగుతోంది. పెద్దమ్మా, నువ్వు ఆ పూట ఊళ్లో లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించలేను.

ఈలోపు వెనకింటి తమ్ముడు 108కి ఫోన్ చేశాడు. 2005లో 108 మొదలైన కొత్తలో మేం బడి పిల్లలం, ఊళ్లోకి ఆ తెల్లబండి వస్తే చూడ్డానికి వెంట పరుగెత్తేవాళ్లం. లోపల కూర్చోవాల్సి రావడం ఇదే మొదటిసారి. బండి నడిపిన అన్న ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "బాబును పట్టుకో అన్నా" అని ముందే చెప్పాడు. వెనక రోగిని చూసుకునే ఈఎంటీ తమ్ముడు జ్వరం, ఊపిరి చూస్తూనే, ఫిట్స్ ఎప్పుడొచ్చింది, ఎంతసేపు ఉంది, ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగాడు అన్నీ నన్ను అడిగి రాసుకున్నాడు. ఆసుపత్రిలో దించాక కూడా వెంటనే వెళ్లిపోకుండా డాక్టర్‌కు అంతా వివరంగా చెప్పి వెళ్లాడు. వాళ్లిద్దరి మొహాలు నాకు సరిగ్గా గుర్తులేవు. ఈ మాటలు వాళ్లకు చేరితే బాగుండు.

జ్వరంతో వచ్చిన ఫిట్సేనని డాక్టర్ చెప్పారు. ఒంట్లో నీరు బాగా తగ్గింది కాబట్టి సెలైన్ పెట్టి వార్డులో ఉంచాలన్నారు. అక్కడే చిక్కు వచ్చింది. పిల్లల వార్డులో రాత్రిపూట ఆడవాళ్లే ఉండాలి. పాలిచ్చే తల్లులుంటారు, ఆ నియమం అవసరమే. "తల్లిని పిలిపించండి, మీరు బయట కూర్చోండి" అన్నారు. ఆ తల్లి అప్పుడు మంచిర్యాల దాటి ఇంజన్ మీద ఉంది.

రాత్రి డ్యూటీ సిస్టర్ వచ్చి నన్ను మూడే మాటలు అడిగింది. "బాబుకు పాలెవరు పడతరు?" నేనే అన్నాను. "ఎవరి దగ్గర పంటడు?" నా దగ్గరే. "ఏడిస్తే ఎవరెత్తుకుంటే ఊకుంటడు?" నాకు గొంతు పెగల్లేదు. నన్ను చూపించుకున్నాను. ఆమె వార్డులో ఉన్న తల్లుల వైపు తిరిగి, "మీకు ఇబ్బందైతే చెప్పండ్రి, వేరే ఏర్పాటు చూద్దం" అంది. పక్క మంచం మీద మనవరాలిని పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ అందరి కంటే ముందు జవాబిచ్చింది. "ఆయనతోని మాకేం ఇబ్బంది సిస్టరమ్మా. ఆ పిలగానికి ఆయనే తల్లి. ఉండనియ్యి."

ఆ అవ్వే తన సంచిలోంచి ఒక పాత చీర తీసింది. రెండు కిటికీ ఊచలకు కట్టి మా మంచానికీ మిగతా మంచాలకూ మధ్య తెరలా వేసింది. నేను స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి ఆ తెర సగం పక్కకు జరిగిపోయింది. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె, న్యుమోనియాతో ఉన్న తన కూతుర్ని ఒళ్లో పెట్టుకునే, సూది ఉన్న మా వాడి చెయ్యి కదలకుండా పట్టుకుంది, నేను మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్లొచ్చేదాకా. మర్నాడు నేను ఆమె బిడ్డను ఎత్తుకుని వరండాలో తిప్పాను. ఎవరికి వేడినీళ్లు దొరికితే వాళ్లు అందరి సీసాలూ నింపి తెచ్చేవాళ్లు. ఏ బిడ్డకు విరేచనం ఆగింది, ఎవరికి జ్వరం దిగింది, అన్నీ అందరికీ తెలుసు. ఆ వార్డులో నేను పరాయివాణ్నని ఒక్కసారి కూడా అనిపించలేదు. అవ్వా, మీ మనవరాలు ఇంటికి వెళ్లిందని విన్నాను, చాలా సంతోషం. మీ చీర ఉతికి పెట్టాను.

సిస్టర్ ఇంకో మేలు కూడా చేసింది. జ్వరం మందు చుక్కల్లో ఒక మోతాదు, సిరప్‌లో ఇంకో మోతాదు ఉంటుందనీ, ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదనీ, బిడ్డ బరువును బట్టే పోయాలనీ రెండు సీసాలూ నా చేతికిచ్చి, మీద రాసింది చదివించి మరీ చెప్పింది. డిశ్చార్జి చీటీ వెనక తన చేతిరాతతో రాసి కూడా ఇచ్చింది.

ఇక ఇంటి దగ్గర మా పాప. పక్కింటి వదిన ఆ రాత్రే దాన్ని నిద్రలోనే ఎత్తుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. వదిన చేసిన ఉపకారంలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఏమిటో చెప్తాను. ప్రతి చిన్నదానికీ నాకు ఫోన్ చేసి అడిగింది. "పప్పన్నం ముందు పెట్టాల్నా, పెరుగన్నమా? ఏ దుప్పటి కప్పితే పంటది? నాన్న జడ ఇట్ల ఎయ్యడు అంటున్నది, ఎట్లేస్తవో చెప్పు." పొద్దున్నే వీడియో కాల్‌లో పాప తల చూపిస్తుంటే, పాపిట ఎక్కడ తీయాలో, రిబ్బన్ ఎన్ని మడతలు వేయాలో ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పాను. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషికి జడ వేయడం రాక అడిగిందా? నా బిడ్డ నా బిడ్డలాగే అంగన్‌వాడీకి వెళ్లాలని అడిగింది.

ఈ మాట ఎందుకింత పట్టుకున్నానంటే, పిల్లలతో ఇంట్లో ఉండే మగవాణ్ని చూస్తే జనం "అమ్మ ఊరెళ్లిందా?" అంటారు, "ఇంకా ఉద్యోగం దొరకలేదా?" అంటారు. టీకాకు తీసుకెళ్తే కార్డు నా చేతిలో ఉన్నా ప్రశ్న మాత్రం వెనకున్న ఆడవాళ్లను అడుగుతారు. అందులో చెడు ఉద్దేశం ఉండదు, నాకు తెలుసు. కానీ రోజూ వింటుంటే మనసు చివుక్కుమంటుంది. కష్టం వచ్చినప్పుడు మీరెవరూ ఆ మాట అనలేదు. పిల్లల్ని నా చేతుల్లోంచి తీసుకుని "నువ్వు జరుగు, మేం చూస్తాం" అనలేదు. వాడికేం కావాలో నన్నడిగి, అది తెచ్చి ఇచ్చారు. దానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

లాబీలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. నేను ఫోన్ చేయగానే బండి ఎక్కడుందో చూసి, "తమ్మీ, ఇప్పుడు చెప్తే ఆమె సిగ్నల్ మీద మనసు పెట్టలేదు. డాక్టర్ బాబును చూసి ఏమన్నడో నాకు చెప్పు. ఆమె బల్లార్షాలో దిగంగనే నేను చెప్పిస్త" అన్నాడు. ఆ మాట ముమ్మాటికీ సరైనదే. ఆమె సైన్ ఆఫ్ చేశాకే, బాబుకు ప్రాణభయం లేదన్న మాటతో కలిపి చెప్పించాడు. అక్కడి తోటి సిబ్బంది ఆమెను ఒంటరిగా వదలకుండా, కాజీపేట వైపు వచ్చే మొదటి బండిలో కూర్చోబెట్టి పంపారు. స్టేషన్ బయట మా వాడకట్టు ఆటో అన్న ఎవరూ చెప్పకుండానే ఎదురుచూస్తున్నాడు, డబ్బులు తీసుకోలేదు. ఆమె వార్డులోకి వచ్చాక ఆ అవ్వ లేచి తన స్టూలు కూడా ఇచ్చింది, ఇద్దరం చెరోపక్క కూర్చోవడానికి.

ఇంటికొచ్చాక ఆశా అక్క వచ్చి జింకు బిళ్లలు ఇచ్చింది, చెంచాడు నీళ్లలో కరిగించి రోజుకొకటి చొప్పున 14 రోజులూ వేయమంది, విరేచనాలు ఆగినా మధ్యలో మానొద్దంది. అంగన్‌వాడీ టీచర్ ఈ నెల బాలామృతం ప్యాకెట్ తనే ఇంటికి తెచ్చి ఇచ్చింది. తల్లుల వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా చేర్చింది. పేరు మార్చమని నేనేమీ అడగలేదు, ఆమే "అమ్మానాన్నలు" అని మార్చింది.

చిన్నపిల్లలున్న వాళ్ల కోసం డాక్టర్ చెప్పినవి రాస్తున్నాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో, నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి ఇలా జ్వరంతో ఫిట్స్ వస్తాయట. చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకు హాని ఉండదు. ఒకసారి వచ్చిన ముగ్గురిలో ఒకరికి మళ్లీ రావచ్చు. పెద్దమ్మ చేసిందే చేయండి: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, టైం చూడడం. ఐదు నిమిషాలు దాటితే క్షణం ఆలస్యం చేయొద్దు, మొదటిసారి వస్తే ఆగిపోయినా డాక్టర్‌కు చూపించాల్సిందే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ రోజుల్లో అన్నం, పప్పుచారు, ఇడ్లీలు ఎవరెవరో తెచ్చి ఇచ్చారు. కడిగిన స్టీలు క్యారియర్లు మా ఇంట్లో వరసగా ఉన్నాయి. ఒకదాని మూత మీద చెక్కిన పేరు అరిగిపోయి చదవరావట్లేదు. అందులోనే నిమ్మకాయ పచ్చడి వచ్చింది. ఎవరిదో దయచేసి చెప్పండి. నా భార్యకు వచ్చే రెస్ట్ రోజున సాయంత్రం మా ఇంట్లో సేమ్యా పాయసం చేస్తున్నాం. క్యారియర్ల కోసమైనా సరే, అందరూ పిల్లలతో రండి. ఏ రోజన్నది లాబీ నుంచి తెలియగానే గ్రూపులో పెడతాను.